తుపాకీ మీద పట్టీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందనే సంగతే నాకు తెలియదు. తొంభైల మొదట్లో కృష్ణానగర్‌లో అద్దె గది, ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టరు గారి దగ్గర సెట్లకు రంగులేసే పని. ఆయన్ని అందరం గురువుగారు అనేవాళ్లం. ఓ రోజు ఆయన ఒక చెక్క తుపాకీ నా చేతిలో పెట్టి, "హీరోగారి గన్నురా ఇది. దీనిమీద టెలిస్కోపు బిగించే పని నీది. బాగా చేశావా, అసిస్టెంటుగా తీసుకుంటాను. చెడగొట్టావా, మళ్లీ బ్రష్షే" అన్నారు. ఆ దెబ్బకి నాకు అన్నం సయించలేదు. (అబద్ధం. సంతోషం పట్టలేక రెండుసార్లు తిన్నాను.)

టెలిస్కోపు నిలవాలంటే తుపాకీ వీపున పళ్లున్న పట్టీ ఒకటి ఉండాలి. అది ప్లాస్టిక్‌దా, ఇనపదా అన్నదే తంటా. ఎర్రగడ్డలో లేత్ మిషను మిస్త్రీ రెండు రకాలూ చేసి నా ముందు పెట్టాడు. "ప్లాస్టిక్‌ది వద్దు భయ్యా. జర గరం తగిలితే వంగుతది. ఇనపది బరువైతే ఏంది, పక్కాగుంటది" అన్నాడు. "హీరోగారు దీన్ని ఒంటిచేత్తో ఎత్తి పేజీడు డైలాగు చెప్పాలయ్యా, చెయ్యి పడిపోదూ?" అని నేను వాదించి గెలిచి, ప్లాస్టిక్‌ది బిగించుకుని ఈల వేసుకుంటూ వచ్చేశాను.

జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో ముహూర్తం. కెమెరాకు బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నా తుపాకీని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ప్రాణం ఉసూరుమంది. నేనే పసుపు, కుంకుమ అద్ది, సరిగ్గా పట్టీ మీద తమలపాకు పరిచి, దానిమీద కర్పూరం బిళ్ల వెలిగించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. (కోరిక కాస్త పెద్దది, ప్రార్థన పొడుగైంది.) కళ్లు తెరిచేసరికి కర్పూరం వేడికి పట్టీ వంగి జారిపోయి, టెలిస్కోపు తల వాల్చేసి ఉంది. అప్పుడే హీరోగారు వచ్చి తుపాకీ ఎత్తి, "ఇదేంటండీ, నేను విలన్లను కాల్చాలా, నా కాళ్లను కాల్చుకోవాలా?" అన్నారు. సెట్టంతా గొల్లుమంది. గురువుగారు మాత్రం నవ్వలేదు.

నాకు ఏడుపొచ్చేసింది. "మిస్త్రీ వద్దన్నాడండీ. నేనే వినలేదు. కర్పూరం కూడా నేనే పెట్టాను" అన్నాను. గురువుగారు స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు. ఎర్రగడ్డలో మిస్త్రీ నన్ను చూడగానే బల్ల కింద నుంచి ఒక మూట తీశాడు. ఇనపపట్టీకి పక్కలంతా బెజ్జాలు వేసి, బరువు సగానికి తగ్గించి, గుడ్డలో చుట్టి ఉంచాడు. "ఎప్పుడో ఓసారి వస్తవనుకున్న. గింత తొందరగ వస్తవనుకోలే" అన్నాడు.

మధ్యాహ్నం హీరోగారు తుపాకీ ఎత్తి డైలాగంతా చెప్పారు. టెలిస్కోపు కదల్లేదు. చివర్లో ఆయన చెయ్యి కొంచెం వణికింది. "ఆ వణుకు అదిరింది, కోపం కనిపించింది!" అని డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. గురువుగారు నా వైపు తిరిగి, "రేపు పెందరాళే రా. బ్రష్షు తేవద్దు" అన్నారు.

ఆ సాయంత్రం కృష్ణానగర్‌కు నడిచి వెళుతూ, ముక్కూమొహం తెలియని ఇస్త్రీ బండాయన్ని ఆపి మరీ, నేను అసిస్టెంటునయ్యానని చెప్పాను. ఆయన పెట్టె పక్కన పెట్టి, ఏ సినిమా అని అడిగి, తప్పకుండా చూస్తానన్నాడు. తరువాత ఎన్నో సినిమాలు చేశాను. అలా దారిన పోయేవాళ్లను ఆపి చెప్పుకునేంత సంతోషం మాత్రం మళ్లీ రాలేదు.