తుండు కింద మన్యం

ఆ రోజుల్లో మద్రాసులో పుట్టి పెరిగిన మాలాంటివాళ్ళకి కొండ అంటే పరంగిమల ఒక్కటే. (అదీ రైల్లోంచి చూడటమే, ఎక్కిన పాపాన పోలేదు.) అలాంటి నాకు, కొత్తగా తెలుగు బడిలో టీచరుగా చేరగానే, మన్యం పాఠం చెప్పే భాగ్యం పట్టింది. కొండవాలులో పోడు కొట్టడం, తేనె పట్టడం, అడ్డాకులు కుట్టడం, అన్నీ ముందురోజు పుస్తకంలో చదువుకుని, మర్నాడు ఆ అడవిలోనే పుట్టినట్టు చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. సరిగ్గా ఆ పాఠం నడుస్తుండగా ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. "ఆయన మెచ్చితేనే నీకు పర్మనెంటు, లేదంటే నా చేతుల్లో ఏం లేదమ్మా" అంది పెద్ద టీచరమ్మ. ఇంట్లో నాన్న అంతకంటే సులువుగా తేల్చేశాడు. "పర్మనెంటు కాకుంటే బడి మానేసి ఇంట్లో ఉండు." నాకేమో బడంటే ప్రాణం.

అందుకని బంకమట్టితో బల్ల మీద ఒక కొండ కట్టాను. మా పిల్లల్లో సగంమంది మండీ వర్తకుల ఇళ్ళవాళ్ళు, వాళ్ళ నాన్నలు, తాతలు టోకున అమ్మేది అడవి సరుకే. కుంకుడుకాయలు, సీకాయ, చింతపండు తలా కాస్తా పట్టుకొచ్చి కొండ నిండా పరిచారు. చూడటానికి మన్యంలా లేదు, తలంటి సామాను అంగడిలా ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు మీసం దువ్వుకుంటూ వచ్చి, ముందు బెంచీలో కూర్చున్న చింతపండు మండీ వారి మనవరాలిని లేపారు. "ఏమ్మా, ఈ కొండల్లో వాళ్ళు ఎట్లా బతుకుతారు?"

"ఆడ కొండోళ్ళు చింతపండు రాలుస్తారు సార్. ఈడ మా తాత కొంటాడు."

పోడు అను, తేనె అను అని నేను వెనకనించి సైగలు చేస్తున్నాను. ఎవరు చూస్తారు?

"ఎట్లా కొంటాడు?" అన్నారాయన.

"నోటితో చెప్పకూడదు సార్, చెయ్యి ఇయ్యండి" అని, బోర్డు తుడిచే తుండు ఆయన చేతిమీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని నొక్కింది! (మండీలో పెద్ద బేరాలన్నీ అంతే, పక్కవాడికి ధర తెలియకుండా తుండు కింద వేళ్ళతోనే మాట్లాడుకుంటారు.) నా ఉద్యోగం ఆ తుండు కిందే నలిగిపోయిందనుకున్నాను. ఆయన వెంట వచ్చిన పెద్ద టీచరమ్మ గోడకి చేరబడింది.

కానీ ఆయన చెయ్యి లాక్కోలేదు. కనుబొమలు ఎగరేసి, లోపల తనూ ఏదో నొక్కారు. పిల్ల "అయ్యో, అంత ధరా, గిట్టదు సార్" అని తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ నొక్కారు. పిల్ల పెదవి విరిచింది. క్లాసంతా బెంచీల మీదికి ఎక్కేసింది. చివరికి ఆయన "సరే, తెగింది!" అని పెద్దగా నవ్వి, "మాది నెల్లూరులో వేరుసెనగ మండీ. మా నాయన పోయినాక ఇట్లాంటి బేరం ఇదే మొదలమ్మా" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంతకి తెగింది సార్?" అని ఆత్రం పట్టలేక అడిగాను.

పిల్లా ఆయనా ఒకేసారి నావైపు కోపంగా చూశారు. "అది చెప్పేది కాదు టీచర్!"

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు మన్యం చూశారా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను. "నేనూ చూడలేదు. రేపటినించీ భయపడకుండా చెప్పండి, మీరింక ఈ బడి టీచరే" అన్నారు. చూడని కొండ గురించి అంత ధైర్యంగా చెప్పి ఉద్యోగం సంపాదించుకున్న ఆనాటి నేను ఇప్పుడు నాకే ఎదురుపడితే, చెవి మెలిపెట్టాలో ముద్దు పెట్టుకోవాలో తేల్చుకోలేను.