సేఠ్‌జీ కుర్చీ ఎక్కిన కథ

రాయపూర్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తలో, మనుషులకు మోకాళ్లు తప్ప వేరే అవయవాలు లేవనుకునేదాన్ని. ఆ రోజుల్లో మోకాలి మార్పిడంటే మా ఊళ్లో వింత. ఆపరేషనయినవాళ్లకు నడక నేర్పి, ఇంటికెళ్లాక ఏం చెయ్యకూడదో చెప్పి పంపడం నా పని. (పాతికేళ్లు నిండని పిల్ల పెద్దవాళ్లకు కూర్చోవడం నేర్పుతోందని వార్డంతా నవ్వుకునేది. నాకు మాత్రం మహా గర్వంగా ఉండేది.) నా శిష్యుల్లో పండరీ బట్టల బజారు సేఠ్‌జీ ఒకరు. మా రైల్వే కాలనీ ఆడవాళ్లకు చీరలమ్మీ అమ్మీ తెలుగు పట్టేశారు. రోజంతా దుకాణంలో గద్దీ పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే ఆయన వ్యాపారం. ఇక కింద కూర్చోవడం కుదరదు, ఎత్తు కుర్చీయే అని హుకుం జారీ చేశాను. “అచ్ఛా బేటీ” అని బుద్ధిగా తలూపి ఇంటికెళ్లారు.

కొన్నాళ్లకు నా ప్రతిభ ఎలా వెలుగుతోందో చూద్దామని అమ్మను తీసుకుని ఆ దుకాణానికి వెళ్లాను. సేఠ్‌జీ కుర్చీలో జడ్జీలా ఉన్నారు. పరుపు మీద ఆడవాళ్లు మెడలెత్తి బేరమాడుతున్నారు. అమ్మ ఒక్క చీరా విప్పించలేదు. “మనమేటి అర్జీ పెట్టుకోడానికొచ్చామా? లెగు, ఛలో” అంది. సేఠ్‌జీ నా వైపు తిరిగి, “చూశావా? అందరూ ఇట్లాగే పోతున్నారు. నీ కుర్చీ నా ధందా ఖతం చేసింది. రేపట్నుంచి గద్దీ మీదే కూర్చుంటా” అన్నారు. కొత్త మోకాలు పాడైతే ఆయన కాలూ పోతుంది, నా పరువూ పోతుంది. (దేనికి ఎక్కువ భయపడ్డానో అడగకండి.)

“అయితే కస్టమర్లకీ కుర్చీలు వెయ్యండి” అన్నాను. ఆయన జాలిగా చూశారు. “పిచ్చి బేటీ. కింద కూర్చున్న ఏ అమ్మకైనా లేవాలంటే మోకాలు నొప్పి. అందుకే ఇంకో చీర చూస్తాది. కుర్చీ ఇస్తే, మళ్లీ వస్తాం అని లేచిపోతాది.” అంటే ఈ పెద్దమనిషి ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల మోకాళ్ల మీద బతికాడన్నమాట.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆయన కుర్చీలు కొన్నారు. ఇంటికెళ్లే పేషెంట్లకు నేను చెప్పే జాగ్రత్తల్లో ఇంకొకటి చేరింది: చీరలు కొనాలంటే కుర్చీలున్న సేఠ్‌జీ దుకాణానికే వెళ్లాలి. (ఇది ఏ వైద్యశాస్త్రంలో ఉందని ఎవరూ అడగలేదు.) కుంటుకుంటూ వచ్చే అత్తలతో, వాళ్లను పట్టుకొచ్చే కోడళ్లతో దుకాణం నిండిపోయింది. సేఠ్‌జీ మళ్లీ కింద కూర్చోలేదు.

ఇప్పుడాయన లేరు. గల్లా దగ్గర కొడుకున్నాడు. మొన్న వెళితే నేనడక్కుండానే కుర్చీ వేయించాడు. ఒక్క చీర కోసం వెళ్లి మూడు కొన్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్లు సులువుగా లేచిపోతారన్నప్పుడు, సేఠ్‌జీ నా ఈ వయసును లెక్కలోకి తీసుకోలేదు పాపం. ఇంటికి పంపేముందు నాక్కూడా ఎవరైనా లేవడం నేర్పితే బావుండునని నవ్వుకున్నాను.