పెంటికల మీద పేడపురుగు

వేసవి సెలవుల చివర్లో మూడో తరగతి చదివే మనవరాలు సూర్యాపేట నుంచి చివ్వెంల పక్కనున్న మా ఊరికి వచ్చింది. సంచి విప్పితే బట్టల మీద పురుగుల బొమ్మల పుస్తకం. కోడలిది కోదాడ. ఫోన్ ఎత్తితే ఒకటే మాట.

"అత్తయ్యా, దాన్ని ఎండలో తిప్పకండి. ఒళ్లు వెచ్చబడిందంటే ఆ రోజే తీసుకొచ్చేస్తాను."

పురుగుల పుస్తకం కొనిచ్చేదీ ఆమే, పురుగులుండే చోటికి పోవద్దనేదీ ఆమే. ఉన్న నాలుగు రోజుల్లో పిల్ల ఒక్కదాన్నైనా కళ్లారా చూడాలని నా పంతం.

మా ఆయన పోయాక గొర్రెలు నేనే కాస్తున్నాను. దుక్కులకు ముందు రైతులు ఎరువు కోసం మా మందను తమ చెలకల్లో పడుకోబెట్టించుకుంటారు. నాలుగు చినుకులు పడ్డాయా, గొర్రెలు వేసిన పెంటికల మీదికి పేడపురుగులు వస్తాయి. పొద్దున్నే పిల్లను అక్కడికి తీసుకుపోయాను. ఒక పురుగు తల కిందికి పెట్టి, వెనక కాళ్లతో పేడ ఉండను తోసుకుంటూ పోతున్నది. పిల్ల ముక్కు మూసుకుంది.

"ఛీ, వాసన. ఇంటికి పోదాం నానమ్మా."

"జర సూడు బిడ్డా. ఎనుకకు నడిసే పురుగును ఎన్నడన్న సూసినవా?"

"నా బుక్కుల ఉంది. గాడ మంచిగుంటది."

పుస్తకం తెరిచి ఆ బొమ్మను వేలితో నిమిరింది. నాకు ఒళ్లు మండింది. కాగితం మీది పురుగు ముద్దు, కాళ్ల దగ్గరి పురుగు రోత. పుస్తకం లాక్కుని పురుగు ముందే నేల మీద పరిచాను.

"రెండు ఒక్కటేనా కాదా, నువ్వే చెప్పు."

పురుగు ఆగలేదు. ఉండతో సహా పుస్తకం మీదికి ఎక్కింది, జారింది, మళ్లీ ఎక్కింది. తెల్లకాగితం మీద పచ్చటి చార. కోడలికేం చెప్పాలిరా దేవుడా అనుకుంటూ వంగాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు. అది పడిపోతది."

ముక్కు మీద చెయ్యి లేదు. గొంతుక్కూర్చుని చూస్తున్నది.

పొద్దెక్కింది. బువ్వ తిందాం రమ్మని పిలిచి పిలిచి నా గొంతు పోయింది.

"ఇందాక నువ్వే గదనే పోదామన్నది?"

"నువ్వు పో. ఇది ఏడికి పోతదో సూసి వస్త. నానమ్మా, ఎనుకకు పోతే దానికి తొవ్వ ఎట్ల కనిపిస్తది?"

"నాకేం ఎరుక. బుక్కుల సూడు."

"బుక్కుల లేదు. ఇన్నేండ్ల సంది సూస్తున్నవ్ గద, ఒక్కనాడన్న ఎట్ల అనుకోలేదా?"

వాటిని తొక్కకుండా నడవడమే నాకు తెలిసింది. కొంగు పిల్ల తల మీద వేసి, మోకాళ్లు పట్టుకుంటూ పక్కన కూలబడ్డాను. పురుగు ఒక మట్టిపెళ్ల దగ్గర ఆగి, ఉండ పైకెక్కి చుట్టూ తిరిగింది. ఇదేం చేస్తున్నదే అని నోరు తెరిచాను.

"సప్పుడు చెయ్యకు నానమ్మా," అంది పిల్ల.