ఖాళీ పావుగంట

మా బాబాయి జన్మలో ఒక్క పాట పాడి ఎరగడు. వాద్యం ముట్టుకోలేదు, వేషం కట్టలేదు. వేదిక ఎక్కాడంటే మాడిపోయిన బల్బు మార్చడానికే ఎక్కాడు. అయినా మా హాలు గురించి ఎవరైనా రాయాల్సి వస్తే ముందు ఆయన గురించే రాయాలి. రాయరు. రాసేవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. లైటు వేసేవాడు వాళ్ళ వీపు వెనక ఉంటాడు. మెడ తిప్పి చూసే ఓపిక ఎవరికుంది?

ఇప్పుడు హాలుగా ఉన్నది ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. పంతొమ్మిదో ఏట బాబాయి అందులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. లోపల ఒక పెద్ద మోటారు ఉండేది. అది తిరుగుతుంటే పక్కవాడి చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. పిడికిలి చూపిస్తే ఐసుగడ్డ పగిలిందని, రెండు వేళ్ళు చూపిస్తే బండి వచ్చిందని, బొటనవేలు వెనక్కి చూపిస్తే మేనేజరు వస్తున్నాడని. బాబాయికి ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఇష్టం లేని మాటలన్నీ ఆ చెవిలోనే పడ్డాయని చెప్పి తప్పించుకుంటాడు.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ మోటారుని ఆపి, పావుగంట చల్లారనిచ్చి, మళ్ళీ వేసేవాళ్ళు. ఆపేదీ వేసేదీ బాబాయే. ఆ పావుగంటలో చెవుల్లోంచి దూది లాగేసినట్టుండేదట. నీటిచుక్క పడితే వినపడేది. ఎవరికి దగ్గుందో, ఎవరి చెప్పు తెగిందో తెలిసేది. ఒకరోజు, గడ్డల మీద రంపపు పొట్టు చల్లే అమ్మాయి తడి చేతులు గోనెపట్టాకి తుడుచుకుంటూ ఒక పాట అందుకుంది. ఏడాదిగా ఆ అమ్మాయి పక్కనుంచే రోజుకి పదిసార్లు తిరుగుతున్నాడు బాబాయి. ఆమెకి అలాంటి గొంతుందని అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయే మా పిన్ని.

"పావుగంట దాటినా మోటారు వెయ్యలేదు మీ బాబాయి. మూడు నిమిషాలు ఆలస్యం. మేనేజరు చేత తిట్లు తిన్నాడు. నాకోసం ఆయన చేసిన త్యాగం ఇన్నేళ్ళకీ అదొక్కటే" అంటుంది పిన్ని.

"మూడు కాదు, నాలుగు" అంటాడు బాబాయి.

ఆ తరవాత రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసేవాళ్ళు. పాట, పొడుపు కథ, మేనేజరు నడకని అనుకరించడం. ఒక్కోరోజు మాత్రం ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. ఊరికే కూర్చునేవాళ్ళు. అదీ బాగానే ఉండేదట.

ఫ్యాక్టరీ మూతపడ్డాక కట్టడం పనివాళ్ళ సంఘం చేతికొచ్చింది. మూరెడు మందం గోడలు, చల్లదనం పోకుండా మధ్యలో కూరిన రంపపు పొట్టు. బయట లారీ హారను లోపలికి రాదు, లోపల గుసగుస వెనక బెంచీదాకా పోతుంది. సంఘం వాళ్ళు మోటారు పీకేసి, అది నిలబడ్డ దిమ్మ మీదే చెక్కలు పరిచి వేదిక కట్టారు. ప్రతి ఆదివారం నాలుగింటికి కార్యక్రమం. నాటకం, వాద్య బృందం, కవిత్వం, ఏదైనా. పైన కరెంటు మీటర్ల గదిలో కూర్చుని లైట్లు వేసే పని బాబాయి తీసుకున్నాడు. తీసుకుంటూ ఒక్క షరతు పెట్టాడు.

ఐదింటికి అంతా ఆగిపోవాలి. ఐదు నుంచి ఐదుంపావు దాకా వేదిక ఖాళీ. మధ్యలో ఒక్క లైటు, బండిచక్రమంత వెలుగు. ఎక్కాలనిపించినవాళ్ళు ఎక్కొచ్చు. ముందుగా పేరివ్వక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. పాడొచ్చు, తిట్టొచ్చు, ఊరికే నిలబడొచ్చు. దిగేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టాలి. ఎవరూ ఎక్కకపోతే లైటు అలాగే వెలుగుతుంది. జనం ఖాళీ చెక్కల వైపు చూస్తూ కూర్చుంటారు. ఐదుంపావుకి కార్యక్రమం మళ్ళీ మొదలవుతుంది.

ఎక్కినవాళ్ళని ఒక పొడుగు నోటు పుస్తకంలో రాస్తాడు బాబాయి. అందులో ఇలా ఉంటుంది: లారీ డ్రైవరు, నోటితో ఏడు రకాల హారన్లు, నాలుగు నిమిషాలు. నర్సు, పాట, మధ్యలో మరిచిపోయి మొదట్నుంచి మళ్ళీ, ఆరు నిమిషాలు. తెల్ల చొక్కా మనిషి, ఏమీ అనలేదు, ఏడ్చాడు, తొమ్మిది నిమిషాలు. బాత్రూం వెతుక్కుంటూ దారి తప్పి వచ్చినాయన, అర నిమిషం.

"బాత్రూం ఆయన్ని కూడా రాయాలా బాబాయ్?" అని నవ్వాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. "ఎక్కాడా లేదా?"

"ఎక్కాడు."

"మరింకేం? ఎందుకెక్కావని ఇవాళ అడిగితే, నీకేం వచ్చని రేపు అడుగుతారు. అసలు నువ్వెవరివని ఎల్లుండి అడుగుతారు."

నేను చాలా పుస్తకాలు చదివాను. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేక, చేతికి దొరికినవన్నీ చదివాను. కళ గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు వాటిలో తగల్లేదు.

పోయిన వేసవిలో హాలు కమిటీకి కొత్త అధ్యక్షుడొచ్చాడు. పళ్ళ డాక్టరు. చెయ్యి మంచిదే, నా పన్ను కూడా ఆయనే పీకాడు. కానీ సంస్కృతి అనే మాటని బిళ్ళలా చప్పరిస్తుంటాడు. బాబాయి కంటే రెండేళ్ళు చిన్నవాడు, అయినా నువ్వు అంటాడు. బాబాయి మాత్రం ఆయన్ని గారూ, మీరూ అంటాడు. ఆ లెక్క ఎవరు రాశారో గానీ ఇద్దరూ దాన్ని తప్పరు.

పరుపుల షాపాయన ఒకరు హాలుకి మెత్తటి కుర్చీలు ఇస్తానన్నాడు. బదులుగా ప్రతి ఆదివారం ఒక పావుగంట కావాలి, తెర మీద తన పరుపుల బొమ్మలు వేసి నాలుగు మాటలు చెప్పుకోవడానికి. కమిటీ బాబాయిని పిలిపించింది. ఆయన వెంట నేనూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఏమయ్యా, ఖాళీ వేదిక వైపు జనం గుడ్లప్పగించి చూడ్డమేమిటి? బయటివాళ్ళెవరైనా చూస్తే నవ్వరూ?" అన్నాడు డాక్టరు.

"నవ్వనీండి డాక్టరు గారూ. నవ్వడానికైనా లోపలికొస్తారు."

"సరే, ఒక్కటి చెప్పు. గత ఐదు వారాల్లో ఒక్కడైనా ఎక్కాడా?"

ఎవరూ ఎక్కలేదు. పుస్తకం చంకలోనే ఉంది. తలుచుకుంటే బాబాయి ఇద్దరి పేర్లు కల్పించి చెప్పగలడు, ఎవరూ పుస్తకం తెరిచి చూడరు.

"లేదండీ."

"మరి ఎవరి కోసం ఆ లైటు?"

"ఆరో వారం ఎక్కేవాడి కోసం. వాడికి ధైర్యం చాలడానికి ఐదు వారాలు పట్టిందేమో, మనకేం తెలుసు?"

కమిటీలో ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరుకి అది నచ్చలేదు. "పోనీ నీ మాటే కానియ్. ఈ ఆదివారమే ఆరో వారం. ఎవరైనా ఎక్కితే ఉంచేద్దాం. లేకపోతే వచ్చే వారం నుంచి అది పరుపులాయనది."

"రాసివ్వండి."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మాట మీద ఉందండీ. జ్ఞాపకం మీదే లేదు."

డాక్టరు జేబులోంచి మందుల చీటీల పుస్తకం తీసి రాశాడు: ఈ ఆదివారం ఐదుకీ ఐదుంపావుకీ మధ్య ఎవరు వేదిక ఎక్కినా ఖాళీ పావుగంట ఎప్పటిలా సాగుతుంది, ఎవరూ ఎక్కకపోతే రద్దు. కింద సంతకం. డాక్టరు చేతిరాత చదవడానికి వీలుగా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. పిన్ని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇందులో ఆలోచించడానికేముంది? నేనెక్కుతా. లేదా పిన్ని ఎక్కి ఒక పాట పాడుతుంది. పీడా పోతుంది" అన్నాను.

"నాకోసం నువ్వెక్కితే లైటు ఆర్పేస్తా" అన్నాడు బాబాయి.

"నావైపు చూడకు నాయనా" అంది పిన్ని కత్తిపీట మీంచి తలెత్తకుండా. "ఆవేళ నేను మీ బాబాయి కోసం పాడలేదు. మోటారు ఆగింది, పాడాను. ఇప్పుడు మొగుడి పరువు నిలబెట్టడానికి పాడితే అది పాట కాదు, సాక్ష్యం."

"మరి పోతే?"

"పోతే పోతుంది. మనుషుల్ని పోగుచేసి ఎక్కించి నిలబెట్టుకుంటే మాత్రం అది ఉన్నట్టా? సొంత అవసరానికి వేదిక వాడుకోవడం, పరుపులాయన చేయబోయేదీ అదేగా" అన్నాడు బాబాయి.

నాకు ఒళ్ళు మండింది. నీతికి నిలబడినవాడు ఓడిపోవడం పుస్తకాల్లో చదివాను, బయటా చూశాను. పుస్తకాల్లో వాడికి చివర గౌరవం దక్కుతుంది. బయట వాడి కుర్చీ ఇంకొకడికి దక్కుతుంది, అంతే. ఆ మాటే అనేశాను. "కుర్చీ కాదురా, బెంచీ" అంది పిన్ని. ఉల్లిపాయల వల్లో ఏమో, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆదివారం హాలు కిక్కిరిసింది. మాట పాకిపోయింది మరి. వయొలిన్ బృందం గంటసేపు వాయించి, ఐదింటికి వాద్యాలు తీసుకుని దిగిపోయింది. బండిచక్రమంత వెలుగు వేదిక మధ్యలో పడింది. నేనూ పిన్నీ వెనక బెంచీలో, మీటర్ల గది కిటికీ కనపడే మూల కూర్చున్నాం.

రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. ఫ్యాక్టరీనాటి గోడగడియారం ముల్లు కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. నాలుగో వరసలో ఒకావిడ ఒళ్ళో చేతిసంచీ తీసి బెంచీ మీద పెట్టింది. లేవబోయింది. అందరూ తనవైపే చూసేసరికి మళ్ళీ సంచీ ఒళ్ళోకి తీసుకుంది. తొమ్మిది నిమిషాలు. నా కాళ్ళు వాటంతటవే లేస్తామంటున్నాయి. పైన మీటర్ల గది కిటికీలో బాబాయి చెయ్యి కనిపిస్తోంది, స్విచ్ మీద వేసి ఉంది. నిజంగానే ఆర్పేస్తాడు. నాకు తెలుసు. అందుకే లేవలేదు.

పదకొండు నిమిషాలు. ముందు వరసలో డాక్టరు, పక్కన పరుపులాయన. ఆయన ఒళ్ళో నమూనాకి తెచ్చిన దూది పరుపు ముక్క, చంటిపిల్లలా. డాక్టరు చేతి గడియారం చూసుకుంటున్నాడు, కాలు ఆడిస్తున్నాడు. రోజంతా నోరు తెరుచుకుని కూర్చున్న మనుషుల మధ్య తనొక్కడే మాట్లాడే అలవాటు ఆయనది. తను నోరు మూసుకుని ఇంతసేపు ఎప్పుడు కూర్చున్నాడో పాపం.

పన్నెండో నిమిషం ముల్లు టక్కుమంది. డాక్టరు లేచాడు. కోటు సర్దుకుని, మూడు మెట్లెక్కి, చక్కగా వెలుగు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"మిత్రులారా, మీరే కళ్ళారా చూశారు. ఎవరూ రాలేదు. ఇక ఎవరూ రారు కూడా. దేనికైనా ఒక కాలం ఉంటుంది..."

లైటు ఒక్కసారిగా పెరిగింది. డాక్టరు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏమయ్యా, కాస్త తగ్గించు!"

"ఎక్కినవాళ్ళ మొహం కనపడాలి కదండీ" అన్నాడు పైనుంచి బాబాయి. "మీరు కానివ్వండి."

నాకింకా అర్థం కాలేదు. పిన్నికి అర్థమైంది. నా ముంజేతి మీద చురుక్కుమనేలా గిల్లింది. డాక్టరు కాలం గురించి, కుర్చీల గురించి, సంస్కృతి గురించి చెప్పి, ఇంతటితో ఈ ఖాళీ పావుగంటకి సెలవు అని ముగించాడు. పిన్ని చప్పట్లు మొదలుపెట్టింది. వెనక బెంచీల్లోని పాత ఐసు ఫ్యాక్టరీ వాళ్ళంతా అందుకున్నారు. తన మాట జనానికి నచ్చిందనుకుని డాక్టరు తల వంచి నమస్కారం పెట్టాడు.

మీటర్ల గది కిటికీలోంచి బాబాయి సగం బయటికి వంగాడు. చేతిలో పొడుగు పుస్తకం. అంతమంది ముందు ఆయన గొంతెత్తడం నేనదే మొదటిసారి వినడం. మోటారు నడుస్తుంటే అరిచినట్టు చదివాడు:

"పళ్ళ డాక్టరు గారు. ప్రసంగం. ఒకటిన్నర నిమిషం."

ముందు వరసలో తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. తరవాత ఎక్కడో ఒక నవ్వు, దాని వెనక ఇంకొకటి, ఆ తరవాత ఎవరిది ఏ నవ్వో తెలీలేదు.

"అది లెక్కలోకి రాదు! నేను ప్రకటన చెయ్యడానికి ఎక్కాను!" డాక్టరు మొహం కందిపోయింది.

"బాత్రూం వెతుక్కుంటూ ఎక్కినాయన కూడా లెక్కలోకి వచ్చాడండీ. ఆయనకి మూడింతలు ఉన్నారు మీరు. చీటీ చదవమంటారా? ఎవరు ఎక్కినా అని ఉంది. రాసింది మీరే."

అందరికంటే గట్టిగా నవ్వుతున్నది పరుపులాయన. పరుపు ముక్కని కడుపుకి అదుముకుని మరీ నవ్వుతున్నాడు.

"ఇంకో అర నిమిషం మిగిలింది డాక్టరు గారూ" అన్నాడు బాబాయి. "పాటేమైనా అందుకుంటారా?"

డాక్టరు దిగిపోయాడు. దిగేటప్పుడు మళ్ళీ చప్పట్లు కొట్టాం. రూలు రూలే.

కుర్చీలు రాలేదు. పరుపులాయన ఎంత నవ్వినా వ్యాపారం వ్యాపారమే. ఇప్పటికీ ఆ చెక్కబెంచీల మీదే కూర్చుంటున్నాం, నడుములు పట్టేస్తున్నాయి. డాక్టరు బాబాయిని తీసెయ్యాలని రెండుసార్లు కమిటీలో ప్రయత్నించాడు. తీసేస్తే తన పేరున్న ఆ పేజీ కూడా నలుగురి చేతుల్లో పడుతుందని ఎవరో గుర్తుచేశారట. ఊరుకున్నాడు. బాబాయిని ఈమధ్య మీరు అంటున్నాడు. అది గౌరవం కాదని నాకూ తెలుసు, బాబాయికీ తెలుసు.

ఆ తరవాతి ఆదివారం కూడా ఐదింటికి అంతా ఆగింది. వెలుగు పడింది. సంచీ ఆవిడ ఈసారి రెండో వరసలో కూర్చుంది. సంచీ బెంచీ కింద పెట్టింది. డాక్టరు పెదవులు బిగించుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం టక్కుమంటూనే ఉంది. పదిహేను నిమిషాలూ ఎవరూ ఎక్కలేదు. బాబాయి పుస్తకంలో తేదీ వేసి, పక్కన ఖాళీగా వదిలేశాడు.

ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు.