మా చిన్ని బతుకమ్మకు తామర తెచ్చిన కథ

నేను తెలుగు పంతులుని. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, మీరు చివర్లో నవ్వబోయే నవ్వులో సగం ఇప్పుడే నవ్వేసుకోవచ్చు. ఎందుకంటే నా పరువు తీసింది లెక్కలు కాదు, సైన్సు కాదు, ఇంగ్లీషు అసలే కాదు. నాకు అన్నం పెట్టే తెలుగే నన్ను ముంచింది. అదీ ఎక్కడ? కోదాడలో, మా అత్తగారి కాలనీ ఆడవాళ్లందరి ముందు, సద్దుల బతుకమ్మ నాడు! కొన్నేళ్లయింది. అందరూ మర్చిపోయారని మా ఆవిడ అంటుంది. అందరూ మర్చిపోతే దసరాకు కోదాడ వెళ్లినప్పుడల్లా ఆ ఎదురింటి పెద్దమ్మ నన్ను చూసి కొంగు నోటికి ఎందుకు అడ్డం పెట్టుకుంటుందో నాకు ఎవరైనా చెప్పాలి.

మేముండేది మిర్యాలగూడలో. నేను పాఠాలు చెప్పేది నిడమనూరు వైపు ఒక ఊళ్లో. దసరా సెలవులిస్తే చాలు, కోదాడకు ప్రయాణం. అప్పటికి మా చిన్ని రెండో తరగతి, బంటిగాడికి నాలుగేళ్లు. అంతకు ముందు ఏడాది చిన్ని బతుకమ్మకు తంగేడు పూలు తెస్తానని మాటిచ్చి, కోసి, ప్లాస్టిక్ సంచిలో కుక్కి, ఎండలో స్కూటర్‌కు తగిలించుకుని తెచ్చాను. ఇంటికొచ్చి విప్పితే ఉడికిన తోటకూరలా ఉన్నాయి. పిల్ల ఏడ్చింది. చివరికి మా తోడల్లుడు శ్రీను తెచ్చిన పూలలో మిగిలినవి సర్ది దాని బతుకమ్మ అయిందనిపించారు. అందుకే ఈసారి నా వేలు పట్టుకుని మరీ అడిగింది.

"డాడీ, నా బతుకమ్మకు పూలు నువ్వే తేవాలె. నందినికి వాళ్ల డాడీ తెస్తడు. నాకు నువ్వే."

నందిని అంటే శ్రీను కూతురు. శ్రీనుకు కోదాడలో పురుగుమందుల దుకాణం. భూమ్మీద ప్రతి పిచ్చి మొక్క పేరూ అతనికి తెలుసు, ఎందుకంటే దాన్ని చంపే మందు అతని దగ్గర ఉంటుంది. ముందు రోజు అన్నం తింటూ ఆ మహానుభావుడు అన్న మాట వినండి.

"అన్నయ్యా, మీరెందుకు శ్రమపడతారు? నేను తెచ్చేవాటిలో చిన్నికి కూడా ఇస్తాలే."

శ్రమట! నా కూతురికి నేను పూలు తేవడం శ్రమట! ఆ అన్నం నాకు సయించలేదు.

తెల్లవారగానే పిల్లలిద్దరినీ స్కూటర్ ఎక్కించుకుని కాలువ గట్టు పట్టుకుని బయల్దేరాను. తెల్లవారగానే అన్నానా? నిజం చెప్పాలంటే మా అత్తగారు వేసిన దోసెలు తిన్నాక. అప్పటికే ఊరు ఊరంతా మాకంటే ముందు లేచి వచ్చిపోయింది. ఎక్కడ చూసినా తంగేడు పొదలు బోడిగా నిలబడి ఉన్నాయి. ఒక్క పువ్వుంటే ఒట్టు! పండుగ అంటే మనుషులకు ఇంత ఆత్రమా అని నాకు ఒళ్లు మండిపోయింది.

"డాడీ, ఈసారి గూడ లేవా?" అంది చిన్ని.

ఆ 'ఈసారి గూడ' నా గుండెలో గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే కాలువ మలుపులో కనబడిందండీ ఆ చెట్టు. మనిషెత్తు ఉంది. కొమ్మ కొమ్మకూ దీపం వెలిగించినట్టు నిటారుగా పసుపు పచ్చని పూల గుత్తులు. తంగేడు దాని ముందు ఎందుకూ పనికిరాదు. పక్కనే ఒకామె బర్రెలు మేపుతోంది. స్కూటర్ ఆపాను.

"అమ్మా, ఇదేం చెట్టు?"

"తామర సెట్టు సారూ. మెట్టతామర అంటరు."

ఇక్కడ కాసేపు ఆగండి. ఆ క్షణాన ఒక తెలుగు పంతులు మనసులో ఏమైందో మీకు అర్థం కావాలి. పాతకాలపు కవులు నాయిక పాదాలను మెట్టదామరలతో పోల్చేవారు. ఆ పద్యాలు నేను గొంతు చించుకుని చెప్పాను. ఒకసారి ఒక పిల్లవాడు లేచి, "సార్, మెట్టతామర ఎట్లుంటది?" అంటే, "చాలా అందంగా ఉంటది, కూర్చో" అని గద్దించాను కూడా. నేను జన్మలో చూస్తే కదా! అలాంటిది సాక్షాత్తూ లక్ష్మీదేవి పువ్వు, నీళ్లు వదిలేసి గట్టెక్కి, నా కూతురి కోసం కాలువ పక్కన నిలబడింది. మెట్ట వరి ఉన్నప్పుడు మెట్ట తామర ఉండదా?

"కోసుకోవచ్చా అమ్మా?"

"కోస్కోర్రి, ఎవలొద్దంటరు? ఎవలికి సారూ, పిల్లలకా?"

బంటిగాడు గడ్డిలో దిగి, చీమలు కుట్టి, రెండు చేతులతో పిక్కలు గోక్కుంటున్నాడు. ఆమె వాడి వంకే చూస్తోంది.

"పిల్లలకే. ముఖ్యంగా మా పాపకు."

"అయ్యో, ఆడిపిల్లకు! ఏడ?"

"గీడనే, కోదాడల. మా అత్తగారింట్ల."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎప్పటిసంది సారూ?"

"తొమ్మిది రోజులాయె. ఇయ్యాలటితోని ఖతం."

"గట్ల ఒక్కనాడు ఖతం కాదు సారూ. పైలం, ఇంట్ల అందరికి అంటుకుంటది."

"అంటుకోవాలమ్మా! అందరికి అంటుకుంటెనే కదా పండుగ!"

ఆమె బర్రెలను అదిలించి కొంచెం దూరం తోలుకుపోయింది. దూరం నుంచి మాత్రం అరిచింది, "ఆకు గూడ తెంపుకపోర్రి సారూ! అసలు గుణమంత ఆకులనే ఉంటది!"

చూశారా! ఏడ అని అడిగింది, ఎప్పటిసంది అని అడిగింది, ఆకు తెంపమంది. ఎందుకు అని మాత్రం అడగలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. నేను అడిగేవాణ్నయి ఉండి కూడా లోకువయ్యాను. ఇదేం న్యాయం?

ఇంటికి వచ్చాక పిల్లలను నేరుగా డాబా మీదికి తీసుకుపోయాను. కింద మా ఆవిడ స్వరూప, మా అత్తగారు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది పనిలో ఉన్నారు. నేను మంచినీళ్లకు దిగితే స్వరూప అడిగింది.

"తంగేడు దొరికిందా, లేకుంటే పోయినేడు లెక్కనేనా?"

"తంగేడెవనికి కావాలె? తామర దొరికింది!"

"తామరలా! ఏ చెరువుల దిగిన్రండీ? బట్టలు తడవనే లేదు!"

"నా తామరకు చెరువు అక్కర్లేదు. సాయంత్రం చూద్దువు గానీ."

ఆవిడ కళ్లలో నా మీద గౌరవం కనబడింది. పెళ్లయిన కొత్తలో చూశాను, మళ్లీ అప్పుడే. చెప్పొద్దూ, నాకు మెట్లెక్కుతుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

తాంబాళంలో అడుగున ఆ ఆకులు పరిచి, వాటి మీద వరుస వరుసగా పచ్చని గుత్తులు పేర్చాం. చిన్ని నాలుక బయటపెట్టి, శ్వాస బిగబట్టి పేర్చింది. పైన పసుపు గౌరమ్మను పెట్టి, "డాడీ, నందినిదాని కంటె పెద్దగైంది!" అంది. కొత్త తువ్వాలు కప్పాను, ఎవరి దిష్టీ తగలకుండా.

సాయంత్రం కాలనీ మైదానంలో బతుకమ్మలన్నీ వరుసగా పెట్టారు. గునుగు, బంతి, తంగేడు. శ్రీను చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. నేను తాంబాళం మధ్యలో దించి, తువ్వాలు తీసి, పాఠం మొదలుపెట్టే ముందు సకిలించినట్టు గొంతు సవరించుకున్నాను.

ఆడవాళ్లంతా మెడలు చాచారు. అందరూ ముగ్ధులైపోయారనుకున్నాను. మా అత్తగారు వంగి చూశారు.

"అల్లుడుగారూ, ఇదేందండీ? ఇది తామర చెట్టు కదా!"

"అవునత్తమ్మా! తామరే!"

"అయ్యో, తామరకు రాసుకునేదండీ ఇది! గజ్జి, తామర, దురద! వాటికి ఈ ఆకు నూరి రాస్తారు!"

ఆ తర్వాత ఆ మైదానంలో లేచిన నవ్వు హైవే మీద లారీల హారన్లను మింగేసింది. ఎదురింటి పెద్దమ్మ నవ్వలేక కింద కూర్చుంది. నాకు సిగ్గు రావాలి కదా, రాలేదు. కోపం వచ్చింది.

"ఏం భాషండీ ఇది! లక్ష్మీదేవి కూర్చునే పువ్వుకూ, గోక్కునే రోగానికీ ఒకటే పేరా? పేర్లు కరువయ్యాయా? ఎవడు పెట్టాడు? వాణ్ని పిలవండి!" అని అరిచాను.

"పరీక్షల 'తామర'కు నానార్థాలు రాయమని పిల్లల ప్రాణం తీసేది మీరే కదండీ?" అంది స్వరూప. పొద్దుటి గౌరవం ఆ కళ్లలో వెతికినా లేదు.

"కవులు నాయిక పాదాలను దీంతోనే పోల్చారు, తెలుసా!"

"అయితే అన్నయ్యా," అన్నాడు శ్రీను మెల్లగా, "పాపం ఆ నాయికకు కాళ్లకు తామర ఉండి ఉంటుంది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రెండుచోట్లా ఒకేసారి ఓడిపోయాను, ఖర్చు కలిసి వచ్చింది. ఇంతలో నందిని, "చిన్ని అక్క బతుకమ్మకు దురదొచ్చింది!" అని గంతులేసింది. చిన్ని నన్నే చూస్తోంది. శ్రీను మాటలకు లేని నొప్పి ఆ చూపుకు పుట్టింది నాకు. పోయినేడు పూలు వాడాయి, ఈ ఏడు పిల్ల మనసే వాడేలా ఉంది. తాంబాళం ఎత్తుకుని ఇంటికి పోదామని వంగాను.

"ఆగు బిడ్డా," అంది కింద కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "పువ్వు పచ్చగున్నది, గౌరమ్మ మీదున్నది, ఇంకేం గావాలె? నడిమిట్ల పెట్టుర్రి." అని చిన్నిని దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అంది, "ఆట అయినంక ఆకులు మాత్రం నాకియ్యాలె బిడ్డా. నడుం కాడ ఒకటే దురద, మందులకు తగ్గుతలేదు."

ఆట మొదలైంది. చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్లు మా చిన్ని దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ కొంచెం వంగుతున్నారు. భక్తి అనుకున్నాను. కాదు. "పాపా, నాకు రెండాకులు పక్కన పెట్టవా?" "మా ఆయనకే, నాకు కాదు." "ఎవరికీ చెప్పకు తల్లీ." పగలబడి నవ్విన వాళ్లే వీళ్లంతా! ఇంత దురద పెట్టుకుని ఏ ముఖంతో నవ్వారని నేను అడుగుతున్నాను! చివరికి శ్రీను కూడా వచ్చి, చేతుల మీద మందులు పడి పడి ఏదో మచ్చ వచ్చిందని గొణిగాడు. పురుగుమందుల దుకాణంవాడు నా కూతురి ముందు చెయ్యి చాచాడండీ! అతనికి ఒక్క ఆకే ఇవ్వమన్నాను.

నీళ్లలో వదిలే వేళకు చిన్ని బతుకమ్మ అడుగున ఒక్క ఆకు లేదు, పూలు మాత్రం చెక్కుచెదరలేదు. దాని ముఖం వెలిగిపోతోంది. అందరూ తన బతుకమ్మ దగ్గరికే వచ్చారు మరి. ఆ సంబరంలో గట్టు మీద నిలబడి, కాలనీ అంతటికీ వినబడేలా అరిచింది.

"ఎవ్వరూ పరేషాన్ గావొద్దు! వచ్చే ఏడు మీకందరికీ మా డాడీ తామర తెస్తడు!"

కనుక, నిడమనూరు వైపు పిల్లలకు నానార్థాలు బోధించు నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట ఏ చెట్టు ముందు నిలబడినా దాని పేరు అడిగి ఊరుకోను. "అమ్మా, ఇది దేవుడికా, దురదకా?" అని అడిగి, జవాబు వచ్చాకే కొమ్మ మీద చెయ్యి వేస్తాను.