పెరట్లో చేపల ఎరువు

పెరటి మట్టిని బాగుచేయబోయి పోలీసులను ఇంటికి రప్పించుకున్న ఇల్లాలు ఈ దీవుల్లో నేనొక్కదాన్నే అనుకుంటాను. మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

అప్పటికి పెళ్లయి, టెక్కలి నుంచి సముద్రం దాటి వచ్చి, ఇక్కడి రేవు పక్కన హాడో క్వార్టర్స్‌లో కొత్తగా కాపురం పెట్టాను. మా ఆయనది ఓడలో ఇంజన్ పని. గోంగూర వేద్దామంటే పెరడంతా బంకమట్టి. వానకు చెప్పు పట్టుకుంటే వదలదు, ఎండకు గునపాన్నే వంచుతుంది.

"చేపల తలకాయలూ పేగులూ పాతీ. మట్టి గుల్లబారతాది," అంది పక్కింటి పార్వతక్క. ఇక్కడే పుట్టిన మనిషి, మాటల్లో హిందీ దొర్లుతుంది. "మగర్ లోతుగా పాతాల, సమఝీ?"

లోతు మాట నా చెవికెక్కితేగా! మా ఆయన నికోబార్ ఓడెక్కగానే, రేవు నుంచి రెండు గంపలు తెచ్చి, మనిషి పొడవు మడి చేసి, జానెడు లోతున కప్పెట్టాను. వాన పట్టుకుంది. బంకమట్టిలో నీళ్లు ఇంకవు కదా, అంతా కుళ్లింది. కంపు వీధి దాటింది. దాన్ని చంపడానికి మడి తలాపున అగరొత్తులు గుచ్చాను. అదీ నా తెలివి!

వీధిలో ఎవరు చెప్పారో, ఒక కానిస్టేబుల్ ఇద్దరు కూలీలతో దిగాడు.

"మీ ఆయనేడమ్మా?"

"ఓడ మీదెళ్లారండీ."

"ఎప్పుడొస్తాడు?"

"ఏమో, చెప్పలేనండీ."

అతను అగరొత్తుల వంక చూశాడు. "ఇక్కడ ఏటి పాతినావు?"

"గోంగూర కోసమండీ..."

"గోంగూర కోసం ఇంత పని చేసినావా!"

తవ్వించాడు. చేప తలలు బయటపడ్డాయి.

"మచ్లీయే సాబ్," అన్నాడు కూలీ.

"పైకి అలాగే ఉంటాది. ఇంకా తవ్వు!"

నడుం లోతుకు దిగారు. వీధి వీధంతా గోడ మీదే ఉంది. అప్పుడు మా ఆయన పెట్టె పట్టుకుని వచ్చాడు.

"ఏటి భయ్యా, ఎవరి కోసం తవ్వుతున్నారు?"

"నువ్వెవరు?"

"ఈ ఇంటాయన్ని."

కానిస్టేబుల్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "అయితే నీ కోసమే."

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. మా ఇంట్లో మాత్రం నేను తీసిన గోతిలో ఊరంతా కలిసి మా ఆయన్ని పడేసింది. మట్టి మాత్రం అటుకుల్లా గుల్లబారింది. కూలీలు పారలు భుజాన వేసుకుంటుంటే, "అన్నా, ఎలాగూ వచ్చారు, ఆ పక్క కూడా..." అని కూడా అన్నాను.

సముద్రం సాక్షిగా ఆ నాడే ఒట్టు పెట్టుకున్నాను: మా ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని, వీధిలో అందరికీ కనబడేలా కూర్చుంటే తప్ప, పెరట్లో ఏదీ పాతను.