నానమ్మ ఫ్యానుకు ఎండ

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోగానే నాచారంలో మా గల్లీ అంతా ఉసూరుమనేది. మా గదిలో మాత్రం బీరువా మీద చిన్న ఫ్యాను ఒకటి తిరుగుతూనే ఉండేది... దానికి ఎదురుగా, గోడకు ఆనుకుని మా నానమ్మ.

నానమ్మకు ఉబ్బసం. ఉక్కపోస్తే ఊపిరి అందేది కాదు, పడుకోనూ లేకపోయేది, కూర్చోనూ లేకపోయేది. ఆ గాలి ముఖాన తగిలితేనే కాస్త తేరుకునేది. అందుకే మా అమ్మ తంటాలు పడి ఆ ఫ్యానును ఎండతో నడిపించింది.

అమ్మ అప్పుడు సోలార్ ప్లేట్లు తయారు చేసే చిన్న కంపెనీలో పనిచేసేది. నీలం రంగు పలకలు... అప్పడం కంటే పలచన. ఒకదాని ముఖం నుంచి ఇంకోదాని వీపుకు సన్నటి రేకుతీగ పెట్టి, వేడి కడ్డీతో సోల్డరింగ్ చేసి అతికించడం ఆమె పని. వేళ్ల చివర ఎప్పుడూ కాలిన మచ్చలే. పారేసే విరిగిన పలకలు అడిగి తెచ్చుకుంది. పాత కిటికీ అద్దం వెనక వాటిని వరుసగా పేర్చి, తీగలు కలిపి, డాబా మీద పెట్టింది. నాన్న ఉప్పల్‌లో మెకానిక్ దగ్గర పాత ఆటో బ్యాటరీ తెచ్చాడు. పలకల్లో పుట్టిన కరెంటు బ్యాటరీలోకి... అక్కడి నుంచి ఫ్యానుకు.

"అమ్మా, ఎండ కరెంటెట్లయితది?" అని అడిగాను. అమ్మ ఓ విరిగిన ముక్క నా అరచేతిలో పెట్టింది.

"ఎలుతురు పడంగనే దీంట్ల కరెంటు రవ్వలు కదుల్తయి. పైపొర ఒక తీరు, కిందిపొర ఒక తీరు. రెండు కలిసిన కాడ వాటిని ఒక్క దిక్కే నూకుతది. మనం తీగ పెట్టి తొవ్వ జూపిస్తే ఫ్యాను దాక వస్తయి."

నాకు సగమే అర్థమైంది. నానమ్మకు అదీ కాలేదు.

ఓసారి మండుటెండల్లో ఫ్యాను నీరసపడి ఆగిపోయింది. అమ్మ డాబా ఎక్కి చూస్తే ప్లేటు మీద తడి చీర పరిచి ఉంది...

"ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది బిడ్డా. నా కోసం అది గంత ఎండల మాడుడెందుకని రోజూ కప్పుతున్న," అంది నానమ్మ.

అమ్మకు కోపం రాలేదు. "దానికి వేడి అక్కర్లేదత్తమ్మా, నిజమే. వేడెక్కితే జర కరెంటు తక్కువైతది గూడ. గని ఎలుతురు లేకుంటే కరెంటే పుట్టది."

అప్పటి నుంచి నానమ్మ పొద్దున్నే ఆగి ఆగి మెట్లెక్కి, ప్లేటు మీద చుట్టుపక్కల ఫ్యాక్టరీల దుమ్మంతా తడిగుడ్డతో తుడిచేది. ప్లేటు పక్కన దండెం మీద బట్టలారేస్తే ఊరుకునేది కాదు. ఒక్క ముక్క మీద నీడ పడినా వరుసంతా మందగిస్తుంది... ఒకదాని కరెంటు పక్కదానిలోంచే పోవాలి కదా. ఈ సంగతి మా అందరికంటే ఆమెకే బాగా ఒంటబట్టింది.

మరుసటి ఏడాది మా ఇంటికి పడమట అపార్ట్‌మెంట్ లేచింది... ఆ వెంటనే తూర్పున ఇంకోటి. సూర్యుడు నడినెత్తిన ఉన్న కాసేపు తప్ప మా డాబాకు ఎండ లేదు. అమ్మ ప్లేటును ఈ మూల నుంచి ఆ మూలకు జరిపేది. బ్యాటరీ నిండేది కాదు. ఫ్యాను తిరిగినట్టే తిరిగి ఆగిపోయేది. ఎవరిని అడుగుతాం... వాళ్ల జాగాలో వాళ్లు కట్టుకున్నారు.

నానమ్మ మాత్రం తుడవడం మానలేదు.

"ఎండే లేదు, ఇంకెందుకు తుడుసుడు అత్తమ్మా?" అంటే,

"వస్తే గిస్తే... దుమ్ము జూసి వాపస్ పోవద్దు గదా," అనేది.

ఆ ఎండాకాలమే నానమ్మను దవాఖానాకు తీసుకుపోయాం. తిరిగి రాలేదు. ఫ్యాను ఆగినందుకే పోయిందని అనలేను... ఆమె జబ్బు పాతది. కానీ ఆ చివరి మధ్యాహ్నాలు అమ్మ డ్యూటీ మానేసి అట్టముక్కతో విసురుతుంటే, నానమ్మ తలెత్తి ఆగిన ఫ్యానునే చూస్తుండటం... ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంట్ మీద నల్లగా మెరిసే ప్లేట్లు బారులు తీరి ఉన్నాయి. ఆ కరెంటును ఇన్వర్టర్ ఇంటి కరెంటుగా మారుస్తుంది... లిఫ్టు, నీళ్ల మోటారు దాంతోనే. ఎంత పుట్టిందో ఫోన్లో చూసుకుంటాం. మధ్యాహ్నం ఉక్కపోతలో విసనకర్ర పట్టుకోవడం మా పిల్లలకు తెలియదు.

మొన్న ఆదివారం పైకెక్కి, ఊరికే కిందకు చూశాను. మా బిల్డింగు నీడ, వెనకున్న చిన్న ఇంటి డాబాను సగం కప్పేసింది. ఒక పెద్దావిడ వడియాల చాపను ఎండలోకి జరుపుతోంది... కాసేపటికి మళ్లీ జరిపింది. చివరికి చాప పిట్టగోడకు తగిలింది. ఇక జరపడానికి చోటు లేక, తలెత్తి మా బిల్డింగు వైపు చూసింది.

అచ్చం మా నానమ్మ ఫ్యాను వైపు చూసినట్టే...

చిన్నప్పుడు మా ఎండ తీసుకుపోయింది ఎలాంటి వాళ్లో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది... మాలాంటి వాళ్లే.

మీ డాబా మీద ఎండ ఎప్పటిదాకా ఉండేది? గుర్తుంటే రాయండి...